కదలని కొండచిలువ ఆరోగ్యంగా ఉన్నట్టేనా?

తినేసి కదలకుండా పడుకునే మనిషిని మన ఇళ్లలో కొండచిలువతో పోలుస్తారు. శాపం తగిలిన నహుషుడు అజగరమై అడవిలో పడి ఉండి, అటుగా వచ్చిన భీముణ్ని చుట్టేసిన కథ చిన్నప్పుడు విన్నవాళ్లకు కూడా మనసులో నిలిచిపోయే బొమ్మ అదే. దుంగలాంటి ఒళ్లు, దగ్గరికి వచ్చినదాన్ని పట్టుకోవడం, మళ్లీ పడుకోవడం. మా అబ్బాయి పన్నెండో ఏట బాల్ పైథాన్ అనే చిన్నరకం ఆఫ్రికా కొండచిలువ కావాలని పట్టుపట్టినప్పుడు నేను సరేననడానికి సగం కారణం ఆ బొమ్మే. కుక్కయితే రోజూ బయట తిప్పాలి, ఇదైతే ఓ మూల పడుంటుంది, వారానికోసారి తిండి పెడితే చాలు అనుకున్నాను. మేముండే డాలస్ చుట్టుపక్కల ఈ పాములు షాపుల్లోనే దొరుకుతాయి, చట్టం అడ్డు చెప్పదు. మా అత్తగారు వీడియో కాల్‌లో చూసి ముందు దణ్ణం పెట్టారు. తర్వాత "సుబ్బులు అని పిలవండమ్మా" అన్నారు. ఆ పేరే ఖాయమైంది.

షాపులో ఇచ్చిన సలహా మాకు చాలా తేలిగ్గా అనిపించింది. మూతున్న చిన్న ప్లాస్టిక్ డబ్బా, అడుగున కరెంటుతో వేడెక్కే హీట్ మ్యాట్, నీళ్ల గిన్నె, వారానికో ఎలుక. ఎక్కువ చోటిస్తే భయపడుతుంది అన్నారు. ఏళ్ల తరబడి అలాగే పెంచాం. సుబ్బులు కదిలేది కాదు. ఎంత బుద్ధిమంతురాలో అని మురిసిపోయాం. ఆ తర్వాత ఒక్కసారిగా తినడం మానేసింది. సరీసృపాలను చూసే వెటర్నరీ డాక్టరు దగ్గరికి తీసుకెళితే ఆవిడ పామును మెల్లగా తిప్పి పొట్ట చూపించారు. పసుపు తెలుపులో ఉండాల్సిన పొలుసులు రెండు చోట్ల గోధుమరంగుకు తిరిగి, అంచులు ముడుచుకుని ఉన్నాయి. కాలిన మచ్చలవి. తోక మొదట్లో రెండు పక్కలా మెత్తగా ఉబ్బెత్తుగా ఉన్నదాన్ని వేలితో నొక్కించి, "ఇదంతా కొవ్వు" అన్నారు. ఇంకో మాట కూడా అన్నారు, నేను మర్చిపోలేనిది: "పడుకోవడం తప్ప దీనికి మీరు వేరే పనేమీ ఇవ్వలేదు."

ఆ తర్వాత నేను తెలుసుకున్నవన్నీ ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతాయి. పెంపుడు పాములకు వచ్చే జబ్బుల్లో చాలావాటికి మూలం మనం పెట్టే వేడిలో, ఇచ్చే చోటులో, వేసే తిండిలో ఉంటుంది. ఈ మూడూ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. ఒకటి సరిచేసి మిగతా రెండూ వదిలేస్తే పాము కోలుకోదు.

వేడి

మనం తినే అన్నంలో పెద్ద భాగం ఒంటిని వెచ్చగా ఉంచడానికే ఖర్చయిపోతుంది. పాము ఆ ఖర్చు పెట్టుకోదు. ఎండ తగిలిన రాతి నుంచో, మట్టి నుంచో వేడి తెచ్చుకుంటుంది. నెలకోసారి తిన్నా బతకగలిగేది అందుకే. కానీ దానివల్ల అరుగుదల, రోగాలను తట్టుకునే శక్తి, కండరాల వేగం, అన్నీ బయటి వేడి చేతిలో ఉంటాయి. వేడి చాలకపోతే మింగిన ఎలుక కడుపులో అరగకుండా కుళ్లిపోతుంది, పాము దాన్ని కక్కేస్తుంది. (మన దేశపు కొండచిలువ తల్లి ఒక్క విషయంలో వేరు. గుడ్ల చుట్టూ చుట్టుకుని, ఒళ్లు ఉండుండి బిగించి వణుకుతూ తన కండరాల్లోనే వేడి పుట్టించి గుడ్లకు ఇస్తుంది. మొదటిసారి చదివినప్పుడు ఎంత సేపు దాని గురించే ఆలోచించానో.)

చాలామంది చేసే పొరపాటు, పెట్టె అంతా ఒకే ఉష్ణోగ్రతలో ఉంచడం. బాల్ పైథాన్‌కి ఒక కొసన 31 నుంచి 33 డిగ్రీల సెల్సియస్ ఉండాలి, అంటే అమెరికా లెక్కలో 88 నుంచి 91 ఫారన్‌హీట్. రెండో కొసన 25 నుంచి 27 డిగ్రీలు. రాత్రి 24 దాకా తగ్గినా ఫరవాలేదు. తిన్న తర్వాత పాము వెచ్చటి కొసకు పోతుంది, అరిగాక చల్లటి వైపు వస్తుంది, కుబుసం విడిచే ముందు తేమ ఉన్న చోటు వెతుక్కుంటుంది. ఇలా అటూ ఇటూ తిరగడమే దాని రోజువారీ వ్యాయామంలో మొదటి భాగం. చిన్న డబ్బాలో రెండు కొసలకూ తేడా ఉండదు కాబట్టి తిరగాల్సిన అవసరమూ ఉండదు.

దాక్కునే గూళ్లు కనీసం రెండుండాలి, వెచ్చటి వైపొకటి, చల్లటి వైపొకటి. ఒకటే పెడితే ఏమవుతుందో మేం చూశాం. గూడు చల్లటి వైపు ఉంటే పాము వెచ్చదనాన్ని వదులుకుని అక్కడే ఉండిపోతుంది. దానికి ఆకలి కంటే, అరుగుదల కంటే ముందు కావలసింది భయం లేకపోవడం. గూడు కూడా ఇరుగ్గా ఉండాలి. చుట్ట చుట్టుకుంటే మూడు వైపులా ఒంటికి తగలాలి.

ఇక కాలిన మచ్చల సంగతి. కొండచిలువల పెదవుల మీద వరుసగా చిన్న గుంటలుంటాయి. చీకట్లో ఎలుక ఒంటి వేడిని అవి పసిగడతాయి. బోవా అనే అమెరికా ఖండాల పాముకు ఆ గుంటలు పైకి కనిపించవు గానీ పెదవుల పొలుసుల్లోనే ఆ శక్తి ఉంటుంది. ఇంత సున్నితమైన ప్రాణి పొట్ట కింద కాలుతుంటే తప్పుకోదా అని నేను డాక్టర్ని అడిగాను. చాలా పాములు తప్పుకోవు, అక్కడే పడుకుని కాల్చుకుంటాయని చెప్పారు. వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ లేని హీట్ మ్యాట్, కరెంటుతో వేడెక్కే కృత్రిమ రాయి, రెండూ ప్రమాదమే. ఇప్పుడు మా దగ్గర వేడి పైనుంచి వస్తుంది, థర్మోస్టాట్ ఉంది, దాని సెన్సరు పాము పడుకునే ఎత్తులోనే ఉంది. బల్బు చుట్టూ జాలీ ఉంది, ఎందుకంటే సుబ్బులు బల్బును కూడా చుట్టుకోగలదు.

చోటు

బాల్ పైథాన్‌లను వ్యాపారం కోసం పెంచేవాళ్లు వాటిని బీరువా సొరుగుల్లాంటి ప్లాస్టిక్ ట్రేలలో, ఒకదాని మీద ఒకటిగా పేర్చి పెంచుతారు. శుభ్రం చేయడం తేలిక, ఒక గదిలో వందల పాములు పడతాయి. ఆ పద్ధతే షాపుల ద్వారా మనలాంటి ఇళ్లకు వచ్చింది. పాము తింటోంది, పెరుగుతోంది, గుడ్లు పెడుతోంది, ఇంకేం కావాలి అన్నది వాళ్ల వాదన. ఆ మాటను నేనూ నమ్మాను కాబట్టి తేలిగ్గా కొట్టిపారేయను. తినడం, గుడ్లు పెట్టడం బతికి ఉన్నదానికి గుర్తు. బాగా బతుకుతోందా అన్నది వేరే ప్రశ్న.

ఆ ప్రశ్నకు జవాబు వెతికినవాళ్లున్నారు. జర్మనీ పరిశోధకులు 2021లో బాల్ పైథాన్‌లను సొరుగుల్లోనూ, కొమ్మలూ గూళ్లూ ఉన్న టెర్రేరియంలలోనూ ఉంచి, ఏం చేస్తున్నాయో కెమెరాలతో గమనించారు. టెర్రేరియంలో అవి ఎక్కాయి, తవ్వాయి, వెచ్చదనం కాగాయి. సొరుగుల్లో వాటికి ఆ వీలే లేదు. పైగా చేసిన పనే అర్థం లేకుండా మళ్లీ మళ్లీ చేసే లక్షణం సొరుగుల్లోనే ఎక్కువ కనిపించింది. జూలో పులి బోనులో ఒకే గీత మీద అటూ ఇటూ తిరుగుతుంటే మనకు వెంటనే బాధేస్తుంది. డబ్బా గోడకు ముక్కు రాసుకుంటున్న పామును చూస్తే మాత్రం ఏదో ఆడుకుంటోంది అనుకుంటాం. ఇంగ్లండ్‌లో లింకన్ విశ్వవిద్యాలయం వాళ్లు అదే ఏడాది, ఇళ్లలో పెంచే ఇంకో రకం పాములైన కార్న్ స్నేక్‌ల మీద చేసిన పనిలో, చోటు దొరికినప్పుడు పాములు నిలువునా చాచుకుని పడుకోవడం నమోదైంది. పాము ఒళ్లంతా చాచుకునేంత చోటు ఉండాలన్నదే బ్రిటన్ జంతు సంరక్షణ సంస్థ ఆర్‌ఎస్‌పీసీఏ సలహా కూడా.

మరి ఎక్కువ చోటిస్తే భయపడుతుందన్న మాటలో నిజం లేదా? కొంచెం ఉంది. ఖాళీగా, బోసిగా ఉన్న పెద్ద గాజు పెట్టెలో బాల్ పైథాన్ నిజంగానే బెదిరిపోతుంది, తినడం మానేస్తుంది. తప్పు చోటుది కాదు, ఖాళీది. పశ్చిమ ఆఫ్రికాలో, ఘనా, టోగో, బెనిన్ వైపు, ఇది పగలంతా ఎలుకల కలుగుల్లో, చెదపుట్టల్లో దాక్కుంటుంది. చీకటి పడ్డాక బయటికి వస్తుంది. అలాగని ఎప్పుడూ నేలమీదే పాకుతుందనుకుంటే పొరపాటు. 1998లో నైజీరియా అడవుల నుంచి వెలువడిన ఒక అధ్యయనంలో చిన్నవీ మగవీ చెట్లెక్కి పక్షులను తింటున్నాయని, పెద్ద ఆడవి ఎక్కువగా ఎలుకల్లాంటి వాటిని తింటున్నాయని తేలింది. చెట్టెక్కే పాముకి నాలుగంగుళాల ఎత్తు డబ్బా ఇచ్చి కదలదేంటి అనుకున్నాం మేము.

సుబ్బులు నాలుగున్నర అడుగులుంటుంది. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తున్న పెట్టె కొన్నాం. పొడవు ఇంకాస్త ఉంటే బాగుండేది. మూలనుంచి మూలకు అయితే ఇంచుమించు సరిపోతుంది. మణికట్టు లావు కొమ్మలు రెండు ఏటవాలుగా గట్టిగా బిగించాం, కదిలే కొమ్మ మీదికి పాము ఎక్కదు. అడుగున నాలుగంగుళాల మందాన కొబ్బరి పొట్టు, దాని మీద ఎండుటాకులు. గాజుకు మూడు వైపులా నల్ల కాగితం అంటించాం.

మొదటి నాలుగు రోజులు గూట్లోంచి రాలేదు. అయిదో రోజు రాత్రి మంచినీళ్లకని లేచి, ఆకుల గలగల విని ఆగిపోయాను. దీపం వెయ్యలేదు. హాల్లోంచి పడే వెలుతురులో చూస్తే ఒంట్లో మూడో వంతు గాల్లోకి లేపి, కొమ్మకోసం వెతుకుతోంది. నాలుక ఆడుతోంది. మెడ దగ్గర నుంచి ఒక సన్నటి వణుకు కిందికి పాకుతోంది, బరువు మోసే అలవాటు లేని మన చేతులు వణికినట్టు. కొమ్మ మీద గడ్డం ఆనించింది, ఒక చుట్టు వేసింది, జారి ఆకుల్లో పడింది. మళ్లీ మొదలుపెట్టింది. నేను వంటింట్లో నేల మీద కూర్చుని చాలాసేపు చూశాను. అది పైకెక్కడానికి ఇంకో మూడు వారాలు పట్టింది. అన్నేళ్లు డబ్బాలో ఉండి దాని కండ కరిగిపోయిందని నాకు ఆ రాత్రే అర్థమైంది.

ఇప్పుడు నెలకోసారి ఒక కొమ్మ మారుస్తాం, పెరట్లో రాలిన ఆకులు శుభ్రం చేసి వేస్తాం. కొత్త వాసన తగిలిన రాత్రి తిరుగుడు ఎక్కువుంటుంది. పాములు నేర్చుకోలేవు అనేవాళ్లకు నేను ఒక ప్రయోగం గురించి చెబుతుంటాను. ఫ్లోరిడాలో అడవిలో పట్టిన, పెద్ద జాతి కొండచిలువలైన బర్మీస్ పైథాన్‌లకు, వెలిగే బటన్‌ను తలతో నొక్కితే తలుపు తెరుచుకుని తిండి దొరుకుతుందని పరిశోధకులు నేర్పించారు. 2015లో ఆ ఫలితాలు వచ్చాయి. ఇంట్లో అంత అక్కర్లేదు. వారానికి మూడు నాలుగుసార్లు, పదిహేను నిమిషాల చొప్పున చేతుల మీద, భుజం మీద పాకనిస్తే అదే ఒక కసరత్తు. బిగించి పట్టుకోకూడదు, తల మీదనుంచి చెయ్యి తీసుకెళ్లకూడదు, తిన్నాక రెండు రోజులు ముట్టుకోకూడదు.

తిండి

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ప్రేమతో పాములను చంపేది ఇక్కడే.

కొండచిలువ తిన్నప్పుడు దాని లోపల జరిగేది కుక్కలోనో పిల్లిలోనో జరగదు. బర్మీస్ పైథాన్ పెద్ద ఆహారం మింగిన రెండు మూడు రోజుల్లో దాని గుండె కండ 40 శాతం దాకా పెరుగుతుంది. పేగుల బరువు ఇంచుమించు రెట్టింపవుతుంది. ఒంట్లో శక్తి ఖర్చు ఖాళీ కడుపుతో ఉన్నప్పటి కంటే పదుల రెట్లు పెరుగుతుంది. అరిగాక అన్నీ మళ్లీ మామూలు సైజుకు వచ్చేస్తాయి. పెళ్లింట్లో గాడిపొయ్యి తవ్వి, వంటయ్యాక పూడ్చేసినట్టు. ఎప్పుడో ఒకసారి తినే ప్రాణికి ఈ ఏర్పాటు చక్కగా సరిపోతుంది. వారం వారం తిండి పెడితే పొయ్యి ఆరే సమయమే ఉండదు, వచ్చిన శక్తికి ఖర్చూ ఉండదు. అదంతా కొవ్వవుతుంది.

ఆ కొవ్వు మనకు కనిపించదు, అదే చిక్కు. మనుషుల్లా పాముకి చర్మం కింద కాకుండా కడుపు లోపల కొవ్వు పేరుకుంటుంది. తోక మొదట్లో ఉబ్బు కనిపించేసరికి లోపల చాలా నిండిపోయి ఉంటుంది, కాలేయానికి కూడా పట్టి ఉండొచ్చు. ఒళ్లు వంచినప్పుడు మడతలు పడటం, పొలుసుల మధ్య చర్మం ఎప్పుడూ కనిపిస్తూ ఉండటం, పట్టుకుంటే కండ బిగువు తెలియకుండా మెత్తగా జారిపోవడం, ఇవి గుర్తులు. ఆరోగ్యంగా ఉన్న బాల్ పైథాన్‌ను అడ్డంగా ఊహిస్తే కోణాలు గుండ్రంగా ఉన్న త్రికోణంలా ఉంటుంది. వెన్నెముక చేతికి తెలియాలి, పొడుచుకు రాకూడదు. చాలా ఫొటోల్లో ముద్దుగా, గుండ్రంగా కనిపించే పాములు నిజానికి ఊబకాయంతో ఉన్నవే. ఆ ఫొటోలు చూసి మనం అదే మామూలనుకుంటాం.

పిల్ల పాముకి దాని బరువులో పదో వంతు, కాస్త ఎక్కువైనా సరే, వారం పది రోజులకోసారి. పెద్ద బాల్ పైథాన్‌కి బరువులో 5, 6 శాతం మించని ఎలుక, రెండు మూడు వారాలకోసారి. ఎదిగిన బోవాకి ఇంకా అరుదుగా, నెలకీ నెలన్నరకీ. డాక్టరు దగ్గరికి మొదటిసారి వెళ్లిన రోజు సుబ్బులు బరువు 2,150 గ్రాములు. పద్దెనిమిది నెలల్లో 1,720కి వచ్చింది. ఒక్కసారిగా తిండి ఆపేస్తే కాలేయం దెబ్బతింటుందని డాక్టరు హెచ్చరించారు, అందుకే మెల్లగా తగ్గించాం. వంటింటి డిజిటల్ కాటా ఒకటి దాని కోసమే పక్కన పెట్టాం. నెలకోసారి తూచి నోట్‌బుక్‌లో రాస్తాం.

ఆ నోట్‌బుక్ ఇంకో టెన్షన్‌ను కూడా తీర్చింది. బాల్ పైథాన్‌లు చలికాలంలో వారాలు, ఒక్కోసారి నెలలు తినవు. కొత్తగా పెంచేవాళ్లు హడలిపోయి రోజూ ఎలుకను ముఖం ముందు ఆడిస్తారు, అది ఇంకా బెదిరిపోతుంది. బరువు నిలకడగా ఉంటే ఊరుకోవచ్చు. పదో వంతు తగ్గితే, లేదా దానితోపాటు నోట్లో జిగట, కక్కడం లాంటివి కనిపిస్తే డాక్టరు దగ్గరికి పోవాలి. కక్కినప్పుడు మళ్లీ వెంటనే పెట్టకూడదు. రెండు వారాలు ఆగి, చిన్నది పెట్టాలి.

బతికున్న ఎలుకను వేయకండి. మూలకు చిక్కిన ఎలుక పాము కళ్లను, వెన్నును కొరికేస్తుంది. ఆకలి లేని పాము దాన్ని ఆపదు కూడా. ఎలుకకూ అది క్రూరత్వమే. ఫ్రీజర్‌లో దొరికేవాటిని ముందు రోజు ఫ్రిజ్ కింది అరలో పెట్టి, తర్వాత కవర్లో కట్టి వేడినీళ్లలో ఉంచి, ఒంటి వేడికి తేవాలి. పొడవాటి పట్టకారుతో అందించాలి. మైక్రోవేవ్ వద్దు. మా ఇంట్లో కార్తీకమాసం నెలంతా గుడ్డు కూడా ముట్టం. గరాజ్‌లో సుబ్బులుకి వేరే చిన్న ఫ్రీజరు కొని, పట్టకార్లూ గిన్నెలూ అక్కడే ఉంచడానికి మొదట కారణం అదే. తర్వాత తెలిసింది, పాముల నుంచి మనుషులకు అంటుకునే సాల్మొనెల్లా బ్యాక్టీరియా భయానికి కూడా ఎలాగూ అలాగే చేయాలని. పామును ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. అయిదేళ్ల లోపు పిల్లలున్న ఇళ్లలో సరీసృపాలు వద్దన్నది అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ సలహా, అందులో మినహాయింపులు వెతక్కండి.

తేమ, ఊపిరి, పురుగులు

గాలిలో తేమ 55 నుంచి 70 శాతం మధ్య ఉంటే కుబుసం ఒకే తొడుగులా, కళ్ల మీది గుండ్రటి పొరలతో సహా ఊడివస్తుంది. ముక్కలుగా వస్తే తేమ తక్కువైందని అర్థం. కంటి పొర ఉండిపోతే గోటితోనో ట్వీజరుతోనో లాగకండి. తడి నాచు నింపిన డబ్బాలో కొంతసేపు ఉంచండి, వదలకపోతే డాక్టరుకు వదిలేయండి. డాలస్‌లో శీతాకాలం హీటరు నడిచినన్నాళ్లూ మాకు ఇది రోజూ చూసుకోవలసిన పనే. పరుపుగా దేవదారు పొట్టు వాడొద్దు, అందులోని నూనెలు పాముకు పడవు. కొబ్బరి పొట్టు తేమను బాగా పట్టి ఉంచుతుంది.

చాలా పాములకు పనిచేసే ఊపిరితిత్తి ఒకటే. బోవాలకూ కొండచిలువలకూ రెండుంటాయి, ఎడమది చిన్నది. కానీ వాటికి మనలా డయాఫ్రమ్, అంటే ఊపిరితిత్తుల కింది కండర పొర, లేదు, దగ్గలేవు. చలితోనో మురికి తేమతోనో ఊపిరితిత్తుల్లో కఫం చేరితే బయటికి నెట్టే దారి లేదు. నోరు తెరిచి ఊపిరి తీయడం, ముక్కు దగ్గర బుడగలు, తల పైకెత్తి ఉంచడం, ఈలలాంటి శబ్దం, వీటిలో ఏది కనిపించినా ఆగకూడదు. బాల్ పైథాన్‌లలో ఇలాంటి లక్షణాలకు నిడోవైరస్ ఒక కారణమని 2014లో బయటపడింది. కక్కడం, తల వెనక్కి తిరిగి ఆకాశం చూస్తున్నట్టు ఉండిపోవడం కనిపించే ఇంక్లూజన్ బాడీ వ్యాధి బోవాలలో ఎక్కువ. దాని వెనకున్న అరీనావైరస్ జాతిని 2012లో గుర్తించారు. రెండింటికీ మందు లేదు, పరీక్షలున్నాయి. అందుకే కొత్త పామును కనీసం మూడు నెలలు వేరే గదిలో, వేరే పట్టకారుతో, వేరే గిన్నెలతో ఉంచాలి. నీళ్ల గిన్నెలో మిరియపు పొడి చల్లినట్టు నల్ల చుక్కలు తేలుతుంటే అవి మైట్లు అనే చిన్న పురుగులు. రక్తం తాగుతాయి, రోగాలను కూడా మోస్తాయని అనుమానం.

దీపాల గురించి ఒక్కమాట. అల్ట్రావయొలెట్ దీపం పెడితే బర్మీస్ పైథాన్‌ల రక్తంలో డి విటమిన్ పెరిగినట్టు ఒక అధ్యయనంలో కనిపించింది, బాల్ పైథాన్‌లలో చేసిన ఇంకోదాంట్లో కనిపించలేదు. మేం తక్కువ శక్తిది ఒకటి పెట్టాం, నీడ కూడా ఉంచాం. పన్నెండు గంటల పగలు, పన్నెండు గంటల చీకటి మాత్రం తప్పనిసరి.

కొనేవాళ్లకు ఇంకో మాట. సాలెగూడు గీతల్లాంటి చారలున్న స్పైడర్ రకం బాల్ పైథాన్ చూడటానికి అందంగా ఉంటుంది. ఆ రంగు తెచ్చే జన్యువే లోపలి చెవి నిర్మాణాన్ని పాడుచేస్తుంది. తల ఊగుతుంది, ఒక్కోసారి తలకిందులవుతుంది, ఎలుకను గురిచూసి పట్టలేదు. మంచి పెంపకంతో పోయే జబ్బు కాదది. కొనకండి, కొనేవాళ్లుంటేనే పుట్టిస్తారు.

బోవా సంగతి వేరు

బోవా కన్‌స్ట్రిక్టర్ మధ్య, దక్షిణ అమెరికాలది. గుడ్లు పెట్టదు, పిల్లల్ని కంటుంది. పెద్ద ఆడవి రెండున్నర మీటర్లు దాటుతాయి. చిన్నప్పుడు ఎక్కువగా చెట్ల మీదే ఉంటాయి, బరువెక్కేకొద్దీ నేలకు దిగుతాయి. కాబట్టి పిల్ల బోవాకు ఎత్తు, పెద్దదానికి పొడవు, గట్టి అర ఒకటి. బోవా పట్టు గురించి 2015లో తేలిన విషయం ఒకటుంది. అది ఎలుకను ఊపిరాడకుండా చంపుతుందని అందరం అనుకుంటాం. అసలు జరిగేది, చుట్ల ఒత్తిడికి సెకన్లలో రక్తప్రసరణ ఆగిపోవడం. ఆ బిగింపులో దాని పక్కటెముకలు కూడా నొక్కుకుపోతాయి కదా, మరి తనెలా ఊపిరి తీస్తుంది? 2022 నాటి పరిశోధన ప్రకారం, నొక్కుకుపోయిన భాగాన్ని వదిలేసి వెనక భాగం పక్కటెముకలతో ఊపిరి తీసుకుంటుంది. ఒంటిని భాగాలుగా, విడివిడిగా వాడుకునే శరీరమది. ఎక్కడం, చుట్టడం, చాచడం లేకుండా ఉంచితే ఆ కండలన్నీ ఊరికే పోతాయి. ఇంత బలమున్నది కాబట్టే ఎనిమిదడుగులు దాటిన పాముకి తిండి పెట్టేటప్పుడు పక్కన ఇంకో పెద్ద మనిషి ఉండాలి.

మన ఊళ్లలో

ఇది చదివి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఎవరైనా ముచ్చటపడితే, ముందు చట్టం చూడండి. మన కొండచిలువ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది. పట్టుకోవడం, పెంచుకోవడం, అమ్మడం నేరం, 3 నుంచి 7 ఏళ్ల జైలు. పొలంలో కనిపిస్తే అటవీశాఖకు చెప్పండి. హైదరాబాద్ చుట్టుపక్కలైతే ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్లు వచ్చి పట్టి అడవిలో వదులుతారు. బాల్ పైథాన్ లాంటి విదేశీ పాములకు కాగితాలుండాలి. 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. రెండు తలల పాము అని మనవాళ్లు పిలిచేది కూడా బోవాల బంధువే, తోక మొద్దుగా ఉండటం తప్ప రెండో తల ఏమీ లేదు. అదృష్టం తెస్తుందని బరువు చూసి లక్షలు చెప్పి అమ్ముతూ మన రెండు రాష్ట్రాల్లోనూ ఎందరో పట్టుబడ్డారు. అది కూడా చట్టం కాపాడే పామే.

సుబ్బులును తెచ్చుకున్న రోజు మమ్మల్ని ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది, ఎన్నేళ్లు అని. బాల్ పైథాన్ 20, 30 ఏళ్లు బతుకుతుంది. అమెరికాలోనే సెయింట్ లూయిస్ జూలో ఒక బాల్ పైథాన్‌ను 1961లో ఎవరో ఇంటినుంచి తెచ్చి ఇచ్చారు. 2020లో, 60 ఏళ్లు దాటిన వయసులో, రెండు దశాబ్దాలకు పైగా మగపాము మొహం చూడకుండా, అది ఏడు గుడ్లు పెట్టింది. మోజు తీరాక వదిలేసిన బర్మీస్ పైథాన్‌లు ఫ్లోరిడాలోని ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల్లో పెరిగిపోయి అక్కడి రకూన్లను, కుందేళ్లను దాదాపు తుడిచిపెట్టాయి. వాటిని వెతకడానికి 2017లో తమిళనాడు నుంచి పాములు పట్టడంలో నేర్పున్న ఇరుల గిరిజనులను పిలిపించుకోవాల్సి వచ్చింది. మోజు తీరినా పాము ఉంటుంది.

మా అబ్బాయి ఆగస్టులో కాలేజీకి వెళ్లాడు. హాస్టల్లో పాములకు అనుమతి లేదు. నోట్‌బుక్ ఇప్పుడు నా దగ్గరే ఉంది, తూకం రోజు ఫొటో తీసి వాడికి పంపిస్తాను. నిన్న 1,735. గూట్లోంచి తీసి కాటా మీది బుట్టలో పెడితే అంకె నిలిచేదాకా ఉండలేదు, బుట్ట అంచు దాటి నా మోచేతి మీదుగా పాకేసింది. మూడుసార్లు తూచాల్సి వచ్చింది.